పాత పనిముట్టు పని తెలుసుకోవడం: గొర్రు వెంట నడిచిన వెదురు గొట్టం

శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లచెరువు పరిసరాలు వానాధారపు వేరుశనగకు పేరుపొందిన కదిరి ప్రాంతంలోనివి. ఇటువంటి మెట్ట గ్రామాలలో పాత ఇంటి అటక మీద ఒక్కోసారి వింత గొట్టం ఒకటి కనిపిస్తుంది. వెదురుతో చేసినది, పైన గిన్నె వంటి చెక్క, కింద ఏటవాలుగా చెక్కిన మొన. వాడినవారు చెప్పడానికి లేనప్పుడు దాని పనిని వస్తువు నుండే రాబట్టవలసి ఉంటుంది.

తొలిచూపులో దీనిని పశువులకు మందు పోసే గొట్టంగా పొరబడే అవకాశం ఎక్కువ. దాని కొన కూడా ఏటవాలే. అయితే మందు గొట్టం పొట్టిది, ఒక చివర కణుపుతో మూసుకొని ఉంటుంది. పొయ్యి ఊదే గొట్టానికి రెండు చివరలూ తెరిచే ఉంటాయి గాని గిన్నె ఉండదు, ఒక కొన మసిబారి ఉంటుంది. మన గొట్టంలో కణుపులన్నీ తొలిచి ఉంటాయి. మొన మట్టి రాపిడికి అరుగుతుంది. నడుమ తాడు ఒరిసిన గాడి ఉంటే సందేహం దాదాపు తీరినట్లే. ఇది గొర్రు వెనుక తాడుతో కట్టి, అంతరపంట విత్తనం వేసే గొట్టం. గొర్రు జడ్డిగంలో ఒక రంధ్రాన్ని గుడ్డతో మూసి, ఆ సాలులో ఈ మొనను నిలిపి, వెనుక నడిచే మనిషి, తరచుగా స్త్రీ, కంది గింజలు వదిలేది. పొరుగున ఉన్న కర్ణాటకలో ఇటువంటి సాలుకు ‘అక్కడి సాలు’ అని పేరు.

లెక్క కూడా ఈ పనికే సాక్ష్యమిస్తుంది. నాలుగు పళ్ల గొర్రు రెండు తిరుగుళ్లకు 8 సాళ్లు వేస్తుంది. అందులో ఒకటి కందికి పోతే వేరుశనగ, కంది 7:1. మూడు తిరుగుళ్లకు ఒకటైతే 11:1. నేటి సిఫారసులలోని ఈ నిష్పత్తులు గొర్రు పళ్ల లెక్కకు సరిగ్గా సరిపోవడం గమనార్హం. సాళ్ల ఎడం 30 సెం.మీ. అయితే 7:1లో కంది వరుసల మధ్య 240 సెం.మీ. ఉంటుంది.

గొట్టం మూలపడితే పోయేది వస్తువు ఒక్కటే కాదు. వేరుశనగ ఊడలు దిగే దశలో వాన ముఖం చాటేసిన ఏడు, లోతు వేళ్ల కంది ఆ తరువాతి వానలను వాడుకొని కొంతైనా చేతికి వస్తుంది. విత్తనాలకు ఒకే పెట్టె ఉన్న ట్రాక్టరు గొర్రుతో ఆ సాలు విడిగా వేయడం కుదరదు. పెట్టెలో ఒక గదిని కందికి వేరుచేయడం, లేదా గొర్రు వెనుక పాత గొట్టాన్నే కట్టడం తప్ప దారి లేదు. విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు యంత్రాన్ని సూచించే ముందే ఈ సంగతి చూడాలి.

పేరు విషయంలో తొందర కూడదు. ఒకే పనిముట్టుకు ఊరూరా పేరు మారుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలదే. సేకరించినప్పుడు స్థానికంగా విన్న పేరును ఉన్నదున్నట్లు రాసి, పొడవు, లోపలి వ్యాసం, అరుగుదల ఏ వైపున్నదీ నమోదు చేయాలి. ప్రదర్శనలో దీనిని గొర్రు పక్కనే, తాడుతో సహా ఉంచాలి. విడిగా గోడకు తగిలిస్తే మళ్లీ మందు గొట్టమే అవుతుంది.