మద్దెల మారిస్తే ఆట వచ్చేస్తుందా?

ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికొకామె. మన ఆఫీసుల్లో ఈ సామెతకు ఇంకో అంకం కూడా నడుస్తుంటుంది. ఆ మాట నమ్మి యజమాని కొత్త మద్దెల కొంటాడు. ఫైళ్లు ఆలస్యమవుతున్నాయా? ఒక యాప్. ఆ యాప్‌లో ఎవరూ వివరాలు నింపడం లేదా? నింపారో లేదో చూసేందుకు మరో యాప్. ఏడాది తిరిగేసరికి నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేర్లు అరడజనవుతాయి. గడువు రోజు రాత్రి పదింటిదాకా లైట్లు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతుంటాయి.

తప్పు సాఫ్ట్‌వేర్‌దా, మనుషులదా అని వాదించుకునే ముందు నూట నలభై ఏళ్ల కిందటి ఒక కథ వినాలి.

ఆవిరి పోయినా ఇరుసు పోలేదు

1882లో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది. అప్పటి కార్ఖానాలు ఒకే పెద్ద ఆవిరి యంత్రం మీద నడిచేవి. అది పైకప్పు పొడవునా సాగిన ఇనుప ఇరుసును తిప్పేది. ఆ ఇరుసు నుంచి తోలు పట్టాలు దిగి ఒక్కో యంత్రాన్నీ ఆడించేవి. ఏ యంత్రం ఎక్కడ ఉండాలో పనిని బట్టి కాక ఇరుసును బట్టి తేలేది.

కరెంటు వచ్చాక చాలామంది యజమానులు ఆవిరి యంత్రాన్ని పీకేసి, అదే చోట పెద్ద మోటారు బిగించారు. ఇరుసూ పట్టాలూ అలాగే ఉండిపోయాయి. లాభం అంతంతమాత్రమే. ప్రతి యంత్రానికీ ఒక చిన్న మోటారు పెట్టవచ్చని, అప్పుడు ఇరుసే అక్కర్లేదని, సరుకు ఏ వరుసలో కదులుతుందో ఆ వరుసలోనే యంత్రాలను సర్దుకోవచ్చని గ్రహించి కార్ఖానాలను తిరగకట్టేసరికి దశాబ్దాలు పట్టింది. అమెరికాలో దాని ఫలితం ఉత్పాదకత లెక్కల్లోకి గట్టిగా ఎక్కింది 1920లలోనే.

స్టాన్‌ఫర్డ్ ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో ఈ కథను మళ్లీ తవ్వి తీయడానికి కారణముంది. కంప్యూటర్లు ఎటు చూసినా కనిపిస్తున్నాయి గానీ ఉత్పాదకత లెక్కల్లోనే కనిపించడం లేదని 1987లో రాబర్ట్ సోలో ఎత్తిపొడిచారు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఆయనకు వచ్చింది ఆ ఏడాదే. ఆ పొడుపుకథకు మోటారు కథలో విప్పు ఉందన్నది డేవిడ్ వాదన. కొత్త శక్తి పాత అమరికలో ఇరుక్కుంటే దాని బలం బయటికి రాదు.

కాగితం రిజిస్టరును కంప్యూటర్లోకి ఎక్కించి, మూడు సంతకాల పద్ధతిని అలాగే ఉంచిన ప్రతి ఆఫీసూ ఆవిరి యంత్రం స్థానంలో మోటారు బిగించిన కార్ఖానాయే.

ఫైలు ఎక్కడ నిద్రపోతోంది?

అయితే మన ఆఫీసులో ఆ ఇరుసు ఏదో కనిపెట్టడమెలా? 1961లో జాన్ లిటిల్ రుజువు చేసిన ఒక చిన్న సూత్రం ఇందుకు పనికొస్తుంది. ఒక పని మొదలై పూర్తయ్యే దాకా సగటున ఎన్ని రోజులు పడుతుందో తెలియాలంటే, చేతిలో పెండింగ్‌లో ఉన్న పనుల సంఖ్యను రోజుకు పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే చాలు. ఆఫీసు ఒక తీరున నిలకడగా నడుస్తుంటే ఈ లెక్క తప్పదు.

జీఎస్టీ రిటర్నులు వేసే ఒక చిన్న ఆఫీసును ఊహించుకుందాం. ఎప్పుడు చూసినా సుమారు 60 ఫైళ్లు నడుస్తుంటాయి, రోజుకు 10 పూర్తవుతాయి. అంటే ఒక్కో ఫైలు ఆరు రోజులు ఉంటోంది. అందులో మనిషి చెయ్యి పడేది గంటన్నర. ఆ గంటన్నరను ముప్పావు గంటకు దించే సాఫ్ట్‌వేర్ కొన్నారనుకోండి. ఫైలు ఆరు రోజులూ పడుకున్నది వ్యాపారి బిల్లులు పంపక, లేదా పెద్దాయన సంతకం పెట్టక అయితే, ఆరు రోజుల్లో తగ్గేది ఆ ముప్పావు గంటే! అదే ఎంట్రీ చేసేవాళ్లు చాలక ఫైళ్లు పేరుకుపోతుంటే మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ బంగారమే. ఒకే పనిముట్టు ఒకచోట దండగ, మరోచోట దన్ను.

మోతకూ ఖరీదుంది

సాఫ్ట్‌వేర్ ధరల పట్టీలో కనిపించని ఖర్చు ఇంకొకటుంది: మన ధ్యాస. ఆఫీసు ఉద్యోగుల పక్కన కూర్చుని వాళ్ల రోజును గడియారంతో కొలిచిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు గ్లోరియా మార్క్, మధ్యలో ఆగిన పనిలోకి తిరిగి రావడానికి సగటున ఇరవై నిమిషాలు దాటుతోందని గమనించారు. మరో పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ఇంకో సంగతి చూపించారు. ఒక పని సగంలో వదిలి రెండోదానికి వెళ్లినవాళ్ల మనసులో మొదటిదాని తడి ఆరదు, దాంతో రెండోదీ మందగిస్తుంది.

దీనికి మనుషుల సంఖ్య తోడవుతుంది. అందరూ అందరితో మాట్లాడుకునే చోట అయిదుగురి మధ్య 10 జతలుంటాయి, పదిమంది మధ్య 45. మనుషులు రెట్టింపైతే మాటల దారులు నాలుగున్నర రెట్లు. ప్రాజెక్టుకు మనుషులను చేర్చినకొద్దీ ఈ భారం ఎలా పెరుగుతుందో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించారు. కాబట్టి చాట్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఎన్ని రకాలుగా పిలవగలదో కాదు, ఎంత సులువుగా నోరు మూయించవచ్చో చూడాలి.

బయటికి దారి ఉందా?

చేతికి అలవాటైన పనిముట్టును అన్నింటికీ వాడటం ఇంకో ప్రమాదం. 2020 శరత్కాలంలో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ కోవిడ్ ఫలితాలను పాతరకం ఎక్సెల్ ఫైళ్లలో చేరవేసింది. ఆ రకం ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. దాదాపు 16,000 కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు, వాళ్లు ఎవరిని కలిశారో వెతకడమూ ఆలస్యమైంది. ఎక్సెల్ చెడ్డదనడానికి లేదు. గరిటెతో చెరువు తోడబోవడమే పొరపాటు.

పెట్టిన సమాచారం తిరిగి తీసుకోగలమా అన్నది కూడా కొనేముందే అడగాలి. ఈ పాఠం తెలుగు డీటీపీ చేసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పాత ఫాంట్లలో కీబోర్డు నొక్కితే కంప్యూటర్లో పడేది ఇంగ్లీషు అక్షరాల సంకేతమే, ఫాంటు దానిమీద తెలుగు బొమ్మ గీసేది. ఫాంటు లేని చోట తెరిస్తే గజిబిజి గుర్తులు. వెతకడం కుదరదు, మరోచోట అతికించడం కుదరదు. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంతంగా 128 స్థానాల గది దక్కినా, పాత ఫైళ్లను అందులోకి మార్చే చాకిరీ మాత్రం ఇప్పటికీ తెమలలేదు. సమాచారాన్ని ఇతర సాఫ్ట్‌వేర్లు చదవగల రూపంలో బయటికి ఇవ్వని పనిముట్టు ఎంత ముద్దొచ్చినా, అది తలుపులేని గది.

సంతలో ఎద్దును కొనే రైతు పళ్లు చూసి ఊరుకోడు, నడిపించి చూస్తాడు. ఆఫీసులో ఆ నడిపించడం యజమాని కాదు, రోజూ దానితో పనిచేయబోయే ఇద్దరు ముగ్గురు చేయాలి. సాఫ్ట్‌వేర్‌ను జనం ఎందుకు వాడతారో 1989లో పరిశీలించిన ఫ్రెడ్ డేవిస్, వాడటం సులువా అన్నదానికన్నా నా పనికి అక్కరకొస్తుందా అన్న నమ్మకమే ఎక్కువ బరువు తూగుతుందని తేల్చారు. ఆ నమ్మకం అమ్మేవాళ్ల ప్రదర్శన చూస్తే రాదు.

అంతకన్నా ముందు వారం రోజుల పాటు ఒక తెల్లకాగితం గోడకు అంటించండి. ప్రతి ఫైలు ఎప్పుడొచ్చింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగిందో రాయండి. మనం ఊహించుకున్న ఆ రిటర్నుల ఆఫీసులోనైతే, బిల్లులు అయిదో తేదీకల్లా పంపమని ఒకటో తేదీన వ్యాపారులందరికీ వెళ్లే ఒక్క సందేశమే చాలునని తేలవచ్చు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఇప్పటికే అందరి జేబుల్లోనూ ఉంది.