పెరుగు వడ్డీలు, తరుగు ఋణపత్రములు

పొలమమ్మిన సొమ్మో, పంట సొమ్మో, ఉద్యోగవిరమణ వేళ చేతికందిన సొమ్మో కలిగిన గృహస్థుని యింటికి అడుగకయే వచ్చు ఆప్తుడు ఫండుల ఏజెంటు. వడ్డీరేట్లు పెరుగ నారంభించినప్పుడెల్ల ఆతడు చెప్పు మాట యొక్కటియే: “మా నిర్వాహకుడు గట్టి నేర్పరి, రేట్ల పోకడను ముందుగనే కనిపెట్టి ఋణపత్రములను మార్చుచుండును, మీకు చింతలేదు, మా బాండు ఫండు కొనుడు.” ఈ మాటలో నిజమెంతయో, ఆశ యెంతయో వేరుచేసి చదువరుల యెదుట నుంచుట మా విధి యని తలచుచున్నాము. ఏలయన, ఇట్టి సొమ్ము తరచుగా పిల్లల చదువునకో, పెండ్లికో, వార్ధక్యమునకో యెత్తిపెట్టినది. జూదమాడుటకు మిగిలినది కాదు.

వడ్డీ పెరిగిన ఋణపత్రమునకు మేలే కదా యని పెక్కురు భ్రమపడుచున్నారు. మన గ్రామములలోని ప్రామిసరీ నోటును తలచికొన్న నీ భ్రమ తొలగును. నూటికి నెలకు అర్ధరూపాయి వడ్డీపై పదేండ్ల గడువుతో ఒకడు నోటు వ్రాయించుకొనెననుకొందము. మరునాడు ఊర ముప్పావలా వడ్డీకి అప్పు తీసికొనువారు దొరకినచో, ఆ పాత నోటును నూరు రూపాయలిచ్చి యెవడు కొనును? వెల తగ్గించిననే కొనును. ప్రభుత్వ ఋణపత్రములకును న్యాయమిదియే. నూటికి 6 రూపాయల వడ్డీగల పదేండ్ల పత్రమును నూరు రూపాయలకు కొన్న పిమ్మట అంగడిలో రాబడి 7.5 శాతమైనచో, ఆ పత్రపు వెల సుమారు 90 రూపాయలకు దిగును. గడువు దీర్ఘమైనకొలది పతనము నధికమగును. ఏడాది గడువు పత్రము అంతగా చలింపదు.

ఇది ఊహామాత్రము కాదు. 2020 మేనెలలో రిజర్వుబ్యాంకు, తాను బ్యాంకులకిచ్చు అప్పుపై వడ్డీ యగు రెపో రేటును 4 శాతమునకు దించెను. ఆ యేడు నడుమ పదేండ్ల ప్రభుత్వ పత్రముల రాబడి 6 శాతమునకు లోబడియే యుండెను. పిమ్మట ధరలు మండినవి; 2022 ఏప్రిలులో చిల్లర ధరల పెరుగుదల 7.79 శాతమునకు చేరెను. అంతట 2022 మే 4వ తేదీని, ముందుగా ప్రకటింపని సమావేశము జరిపి, రిజర్వుబ్యాంకు రెపో రేటును 4.40 శాతమునకు పెంచెను. 2023 ఫిబ్రవరినాటికి అది 6.50 శాతమయ్యెను. 2022 జూనునాటికే పదేండ్ల పత్రముల రాబడి 7.5 శాతపు దరికి వచ్చియుండెను. “ప్రభుత్వ పత్రములే కదా, నష్టమెక్కడిది?” యని దీర్ఘకాల ఫండులు కొన్నవారు తమ యూనిట్ల వెల తరుగుట చూచి నివ్వెరపోయిరి.

ఇచట నొక భేదము గమనింపవలెను. పత్రమును స్వయముగా కొని గడువువరకు నుంచుకొన్నవానికి నడుమ వెల యెట్లు దిగినను తుదకు నూరు రూపాయలు వచ్చును. సామాన్యపు బాండు ఫండునకు గడువు లేదు. దాని పత్రములకు ప్రతిదినము వెలకట్టుదురు. ఐనను నిలిచియున్నవానికి పరిహారమును కలదు. గడువుతీరిన పత్రముల సొమ్మును, వచ్చు వడ్డీలను ఫండు హెచ్చు వడ్డీపై మరల నియోగించును. ఫండు పత్రముల సగటు కాలపరిమితికి మించి ఓపికపట్టువానికి పెరుగు వడ్డీ తుదకు మిత్రమే; నడుమ లేచిపోవువానికే శత్రువు.

ఇక నిర్వాహకుని నేర్పు. 2017లో సెబీ ఫండులను తెగలుగా విభజించినప్పుడు, గడువులను తన యిచ్చవచ్చినట్లు పెంచుకొనుటకును తగ్గించుకొనుటకును నిర్వాహకునకు స్వేచ్ఛగల తెగకు డైనమిక్ బాండు ఫండు అని పేరిడెను. రేట్లు పెరుగకముందే దీర్ఘపత్రముల నమ్మి స్వల్పగడువు పత్రములను కొన్నవాడు నష్టమును తగ్గించుననుట సత్యమే. కాని ఆతడు రెండుమార్లు సరిగా నూహింపవలెను: ఎప్పుడు తొలగవలెనో, ఎప్పుడు మరల ప్రవేశింపవలెనో. 2025 ఫిబ్రవరిలో రిజర్వుబ్యాంకు రేటును తగ్గింప నారంభించినది. భయపడి స్వల్పగడువు పత్రములలోనే కూర్చుండినవాడు, దీర్ఘపత్రముల వెల పెరిగినప్పుడు ఆ లాభమును పొందజాలడు. అంతియకాక, అందరును ఎదురుచూచు పెరుగుదల ముందే వెలలో చేరియుండును. లోకమంతయు నెరిగినదాని నెరుగుట నేర్పు కాదు, లోకమెరుగనిదాని నెరుగవలెను. 2022 మే 4వ తేదీన ఒక్కదినముననే పదేండ్ల రాబడి 7.1 శాతపు దరినుండి 7.4 శాతపు దరికి ఎగసెననిన, అంగడి యంతయు ఎట్లు ఉలికిపడెనో ఊహించుకొనవచ్చును.

నేర్పు సందిగ్ధము, రుసుము మాత్రము నిశ్చయము. పది లక్షలపై నూటికొక రూపాయి రుసుమనిన ఏటికి పదివేలు. పత్రములు 7 శాతమే తెచ్చినప్పుడు అందు ఏడవవంతు నిర్వాహకుని పాలగును. ఏజెంటు కమిషను లేని డైరెక్టు ప్లానులు 2013 జనవరినుండి కలవు. ఈ సంగతి ఏజెంటు చెప్పడు. మరియు 2023 ఏప్రిలు 1వ తేదీ తరువాత కొన్న ఋణఫండుల లాభము, ఎన్నేండ్లు ఉంచుకొన్నను, తక్కిన ఆదాయముతో కలిపి పన్నునకు లోబడునట్లు శాసనమైనది. పూర్వము డిపాజిటుకంటె వీనికుండిన పన్ను సౌకర్యము అట్లు పోయినది.

వడ్డీకంటె ఘోరమైన యపాయము మరియొకటి. రాబడి హెచ్చు చూపుటకై కొందరు నిర్వాహకులు పరపతి తక్కువైన కంపెనీల పత్రములను కొందురు. 2020 ఏప్రిలు 23వ తేదీని ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ తన ఆరు ఋణఫండులను మూసివేయుచున్నట్లు ప్రకటించినప్పుడు సుమారు 25,000 కోట్ల రూపాయలు నిలిచిపోయెను. ఆనాడు వడ్డీలు పెరుగుచుండలేదు, తగ్గుచుండెను. కాని మహమ్మారి దినములలో ఆ పత్రములను కొనువారు కరవైరి. పిమ్మట సుప్రీముకోర్టు పర్యవేక్షణమున సొమ్ము విడతలుగా తిరిగివచ్చినది. కాని కూతురి పెండ్లి ముహూర్తము విడతలకొరకు ఆగదు గదా!

కావున నిర్ణయము నిర్వాహకుని పేరునుబట్టి గాక, మన యవసరమునుబట్టి చేయవలెను. ఏడాది రెండేండ్లలో కావలసిన సొమ్మును దీర్ఘకాల ఫండులో నుంచుట తగదు. బ్యాంకు డిపాజిటో, స్వల్పగడువు ఫండో చాలును. ఐదారేండ్లకు నిశ్చితమైన తేదీన కావలసినచో, ఆ తేదీకి గడువుతీరు ప్రభుత్వ పత్రమే సరియైనది. రిజర్వుబ్యాంకు 2021 నవంబరులో తెరచిన రిటైల్ డైరెక్టు ఖాతాద్వారా సామాన్యుడును దానిని నేరుగా కొనవచ్చును. తేదీ నిశ్చయము కాక, ఓపికకు కొదువలేనివానికి మాత్రమే నిర్వాహకుడు నడపు ఫండు విచారణీయము. అప్పుడైనను నాలుగు ప్రశ్నలడుగవలెను: పత్రముల సగటు కాలపరిమితి యెంత? రుసుమెంత? ఎవరి పత్రములు కొనుచున్నారు? 2022లో వడ్డీలు పెరిగినప్పుడును, 2025లో తగ్గినప్పుడును ఈ ఫండు ఎట్లు నడచినది? ఒక్క మంచి సంవత్సరము చూపి రెండవదానిని దాచువాని మాట నమ్మరాదు.

రేట్లు పెరుగుటయు తగ్గుటయు మన చేతిలోనివి కావు. వానిని నిత్యము ముందుగా చెప్పగల జ్యోతిష్కుడు ఇంతవరకు పుట్టలేదు. మన చేతిలోనివి గడువు, రుసుము, పరపతి యను మూడే. ఈ మూటిని సరిచూచుకొనినవాడు సామాన్య నిర్వాహకునితోనైనను క్షేమముగా నుండును. వీనిని మరచినవాని నెంతటి నేర్పరియు కాపాడజాలడు. లాభమునకై పోయి అసలునకే మోసము తెచ్చుకొనవలదని మా మనవి.