తుపాను రాత్రి వాన లెక్క: వెదర్ స్టేషన్‌కు రాస్ప్‌బెర్రీ పై కలపడం

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బరంపురం వైపు మన కుటుంబాలకు ఆ రాత్రి గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు కరెంటు పోతుంది, వెంటే ఇంటర్నెట్టూ పోతుంది. సెల్‌ఫోను చెప్పే వాతావరణం అక్కడితో సరి. మన డాబా మీద కురిసిన వాన లెక్క మన దగ్గరే ఉండాలంటే వెదర్ స్టేషన్‌కూ కంప్యూటరుకూ మధ్య ఇంటర్నెట్ అక్కరలేని తీగ కావాలి. సీరియల్ తీగ అంటే అదే.

డేవిస్ వారి వాంటేజ్ ప్రో 2 సంగతి చూద్దాం. పరికరాలు డాబా మీద, అంకెలు చూపే కన్సోల్ ఇంట్లో ఉంటాయి. కన్సోల్ వెనక డేటా లాగర్ అనే ముక్క విడిగా కొని పెట్టాలి. సీరియల్ లాగర్ తీసుకుంటే ఒక్క జాగ్రత్త ముఖ్యం. దాని తీగలో ఆర్‌ఎస్-232 పద్ధతిలో ధన, రుణ వోల్టేజీలు నడుస్తాయి. పై బోర్డు పిన్నులు తట్టుకునేది 3.3 వోల్టులే. నేరుగా కలిపితే బోర్డు కాలిపోవచ్చు. మధ్యలో మాక్స్3232 మాడ్యూల్ గాని, యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ గాని ఉండాలి. నేనైతే అడాప్టరే మేలంటాను, పిన్నుల జోలి ఉండదు. పిన్నులే వాడితే 8వది పంపేది, 10వది అందుకునేది. ఒక ఆఫీసు అవుట్‌వర్డ్ టపా రెండో ఆఫీసు ఇన్‌వర్డ్‌లోకి చేరినట్టు, ఇటు పంపే తీగ అటు అందుకునే చోటికి పోవాలి. గ్రౌండ్ రెండింటికీ ఒకటే.

వేగం 19200, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1. బ్యాటరీ ఆదా కోసం కన్సోల్ నిద్రపోతుంటుంది. ముందు ఎంటర్ పంపి లేపాలి. 1.2 సెకన్లలో పలక్కపోతే మళ్లీ పంపాలి, మూడుసార్ల వరకు. తర్వాత పెద్ద అక్షరాల్లో 'టెస్ట్' అని పంపితే అదే మాట తిరిగి వస్తుంది. వచ్చిందంటే తీగ బాగున్నట్టే.

ఆపైన పని వీవెక్స్ అనే ఉచిత ప్రోగ్రాం చూసుకుంటుంది. అయినా ఒక లెక్క తెలిసి ఉండాలి. వాన మిల్లీమీటర్లలో రాదు, బకెట్ ఎన్నిసార్లు ఒరిగిందో ఆ సంఖ్య వస్తుంది. కొన్ని బకెట్లు 0.2 మిల్లీమీటర్లకు, కొన్ని 0.01 అంగుళానికి ఒరుగుతాయి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు కదా! మొదటి రకం బకెట్‌ను రెండో రకమని నమోదు చేస్తే 100 మిల్లీమీటర్ల వాన 127 అవుతుంది. పంట నష్టం మాట్లాడేటప్పుడు ఇది చిన్న తేడా కాదు.

కన్సోల్ బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. కరెంటు లేక పై ఆగినా లాగర్ 2560 రికార్డులు దాచి ఉంచుతుంది. నిమిషానికొకటి రాస్తే రెండు రోజులు కూడా రావు, అయిదు నిమిషాలకొకటి అయితే దాదాపు తొమ్మిది రోజులు, అరగంటకొకటి అయితే 53 రోజులు. తుపాను తీరానికి అయిదు నిమిషాలే సరి. కరెంటు వచ్చాక వీవెక్స్ మిగిలిపోయినవి తెచ్చుకుంటుంది. అయితే ఈ వ్యవధి మారిస్తే పాత రికార్డులన్నీ చెరిగిపోతాయి. ముందు దించుకుని ఆ తర్వాతే మార్చండి.

గడియారం సంగతి కూడా చూసుకోవాలి. పై 4, అంతకు ముందు బోర్డుల్లో కరెంటు పోయినా నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ లేకుండా లేస్తే తేదీ తప్పుతుంది. డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ బ్యాటరీతో సహా తగిలిస్తే ఆ చిక్కు ఉండదు.