రీబూట్ మోడ్ డ్రైవర్: కోడ్ సమీక్షలో అడగవలసిన ప్రశ్నలు

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• రీబూట్ మోడ్ డ్రైవర్ చేసే పనిని వివరించగలుగుతారు.
• అటువంటి కోడ్‌ను సమీక్షించేటప్పుడు దాగి ఉండే లోపాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఒక పరికరానికి 'రికవరీ మోడ్‌లోకి రీబూట్ కావాలి' అని ఆదేశం ఇచ్చారనుకోండి. కెర్నల్ ఆగిపోతుంది. ఆ తరువాత మేల్కొనే బూట్‌లోడర్‌కు మీ కోరిక ఎలా తెలుస్తుంది?

షిఫ్టు దిగే ఉద్యోగి తరువాత వచ్చేవారి కోసం బల్లమీద చీటీ పెట్టి వెళతాడు. కెర్నల్ కూడా అంతే. రీసెట్ అయినా చెరగని ఒక రిజిస్టరులో ఒక సంఖ్య రాసి వెళుతుంది. దీన్ని మ్యాజిక్ విలువ అంటారు. బూట్‌లోడర్ దాన్ని చదివి ఏ మోడ్‌లోకి వెళ్లాలో నిర్ణయిస్తుంది.

లినక్స్ కెర్నల్‌లో ఈ పనికి ఒక ఉమ్మడి చట్రం 2016లో వచ్చింది. దాన్ని రాక్‌చిప్ సంస్థ తరఫున రాశారు.

2. నిర్మాణం

ఈ చట్రంలో రెండు పొరలు ఉన్నాయి. పై పొర డివైస్ ట్రీలో 'మోడ్-' అనే ముందుమాటతో మొదలయ్యే ధర్మాలను చదివి, మోడ్ పేరు, దాని మ్యాజిక్ విలువ జతలుగా ఒక జాబితా తయారుచేస్తుంది. తరువాత రీబూట్ నోటిఫయర్‌గా నమోదవుతుంది. రీబూట్ సమయంలో వచ్చిన పేరును జాబితాలో వెతికి, దొరికిన విలువను కింది పొరకు అందిస్తుంది. పేరేమీ రాకపోతే 'నార్మల్' అని భావిస్తుంది.

కింది పొర ఆ విలువను రాసే డ్రైవర్. సిస్‌కాన్ డ్రైవర్ రిజిస్టరులో రాస్తుంది. ఎన్‌వీమెమ్ డ్రైవర్ ఎన్‌వీమెమ్ సెల్‌లో రాస్తుంది.

3. సమీక్షకుని ప్రశ్నలు

3.1 విడుదల క్రమం సరైనదేనా?

డ్రైవర్‌ను తొలగించేటప్పుడు ముందుగా నోటిఫయర్ నమోదును రద్దు చేయాలి. మోడ్ పేర్లకు కేటాయించిన మెమరీని ఆ తరువాతే విడుదల చేయాలి. ఈ క్రమం తారుమారైతే, ఆ మధ్యలో రీబూట్ వచ్చినప్పుడు విడుదలైన మెమరీని చదవవలసి వస్తుంది. అలాగే నమోదు మధ్యలో విఫలమైతే, అప్పటికే జాబితాలో చేరిన పేర్లన్నీ విడుదలవుతున్నాయో లేదో చూడండి.

3.2 మాస్క్ సరిపోతుందా?

సిస్‌కాన్ డ్రైవర్ రిజిస్టరులో మాస్క్ చూపిన బిట్లను మాత్రమే మారుస్తుంది. మ్యాజిక్ విలువలోని ఏ బిట్ అయినా మాస్క్‌కు బయట ఉంటే అది రిజిస్టరుకు చేరదు. డ్రైవర్ ఫిర్యాదు చేయదు. బూట్‌లోడర్ మాత్రం వేరే సంఖ్యను చదువుతుంది.

3.3 ఏమీ రాయనప్పుడు ఏమవుతుంది?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. 2016 నాటి కోడ్‌లో మ్యాజిక్ విలువ సున్న కాకపోతేనే రాత జరుగుతుంది. పేరు జాబితాలో లేకపోయినా వచ్చేది సున్నే. అంటే 'దొరకలేదు' అనడానికీ, 'విలువే సున్న' అనడానికీ ఒకే గుర్తు వాడారు.

ఒకరు డివైస్ ట్రీలో నార్మల్ మోడ్‌కు సున్న ఇచ్చారనుకోండి. చూడటానికి సహజంగానే ఉంటుంది. కానీ రిజిస్టరులో పాత రికవరీ విలువ మిగిలి ఉంటే, మామూలు రీబూట్ దాన్ని చెరపదు. పాత చీటీ బల్లమీదే ఉంటుంది. బూట్‌లోడర్ కూడా చెరపకపోతే పరికరం మళ్లీ మళ్లీ రికవరీలోకే వెళుతుంది. మనుషులు అరుదుగా వెళ్లే చోట అమర్చిన పరికరమైతే, దాన్ని బాగుచేయడానికి ఎవరో ఒకరు ప్రయాణం కట్టవలసిందే. విలువను ఈప్రామ్‌లో రాస్తే విద్యుత్తు తీసివేసినా అది పోదు.

రాక్‌చిప్ విలువల పట్టికలో దీనికి చక్కని పరిష్కారం కనిపిస్తుంది. 32 బిట్లలో పై 24 బిట్లు స్థిరమైన గుర్తు, కింది 8 బిట్లు మోడ్ రకం. నార్మల్‌కు రకం సున్న అయినా, గుర్తుతో కలిపితే మొత్తం విలువ సున్న కాదు. కాబట్టి నార్మల్ విలువ కూడా తప్పక రాయబడుతుంది.

3.4 నోటిఫయర్‌ను అసలు పిలవకపోతే?

కెర్నల్ పానిక్ తరువాత జరిగే అత్యవసర రీస్టార్టులో రీబూట్ నోటిఫయర్లను పిలవరు. అప్పుడు డ్రైవర్ ఎంత సక్రమంగా ఉన్నా పాత విలువ అలాగే ఉంటుంది. అందుకే చదివిన చీటీని చించవలసింది చదివినవారే. యూ-బూట్‌లోని రాక్‌చిప్ కోడ్ మోడ్‌ను చదివిన వెంటనే అదే రిజిస్టరులో నార్మల్ విలువను రాస్తుంది. మీరు సమీక్షించే ప్యాచ్ కెర్నల్‌కు మాత్రమే సంబంధించినదైనా, 'బూట్‌లోడర్ దీన్ని ఎప్పుడు చెరుపుతుంది?' అని రచయితను అడగండి.

4. సారాంశం

రాసిన వరుసలు సరిగా ఉన్నాయా అని చూడటం సమీక్షలో సగం పని. ఆ వరుసలు అమలు కాని సందర్భంలో పరికరం ఏ స్థితిలో మిగులుతుందో ఊహించడం మిగతా సగం. రీబూట్ మోడ్ డ్రైవర్ చిన్నదే. కానీ దాని తప్పు బయటపడే సమయానికి దాన్ని నివేదించవలసిన కెర్నల్ నడుస్తూ ఉండదు. కాబట్టి ఆ తప్పును పట్టుకోవలసిన చోటు సమీక్షే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నార్మల్ మోడ్‌కు సున్న విలువ ఇవ్వడం ఎందుకు ప్రమాదకరం?
2. వినియోగదారు మోడ్ పేరును తప్పుగా టైప్ చేస్తే రిజిస్టరులో ఏ విలువ ఉంటుంది?
3. పానిక్ సందర్భంలో బూట్‌లోడర్ బాధ్యత ఏమిటి?