మీకు తెలుసా? స్పామ్ పంపకపోయినా బ్లాక్‌లిస్టే!

ఒక్క స్పామ్ కూడా పంపకపోయినా మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ అడ్రస్ బ్లాక్‌లిస్టులో ఉండవచ్చు. స్పామ్‌హాస్ సంస్థ నడిపే ‘పీబీఎల్’ జాబితాలో ఇళ్లకిచ్చే ఐపీ అడ్రస్‌లను గంపగుత్తగా ముందే చేర్చేస్తారు. ఇది శిక్ష కాదు. ఇళ్లలోని కంప్యూటర్లు అవతలివాళ్ల మెయిల్ సర్వర్లకు నేరుగా మెయిల్ పంపకూడదన్న కట్టుబాటు. వైరస్ సోకిన పీసీల నుంచి స్పామ్ వెల్లువెత్తేది ఆ దారినే మరి! పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, 587 పోర్టు ద్వారా మీ మెయిల్ కంపెనీ సర్వర్‌కు అప్పగిస్తే ఈ జాబితా అడ్డురాదు.

అవతలి సర్వర్ జాబితాను చూసే తీరు భలే ముచ్చటగా ఉంటుంది. 192.0.2.45 నుంచి మెయిల్ వచ్చిందనుకోండి. ఆ సంఖ్యల్ని వెనక నుంచి ముందుకు 45.2.0.192 అని తిరగేసి, చివర జాబితా పేరు తగిలించి డీఎన్ఎస్‌ను అడుగుతుంది. ‘అలాంటి పేరే లేదు’ అని జవాబొస్తే ఆ ఐపీ జాబితాలో లేనట్టే. ఉంటే 127.0.0తో మొదలయ్యే ఒక అడ్రస్ తిరిగొస్తుంది. పీబీఎల్‌లో దాని చివరి సంఖ్య 10 అయితే చేర్చింది మీ ఇంటర్నెట్ కంపెనీయే, 11 అయితే స్పామ్‌హాస్.