హెర్నియా వల.. దేనితో బిగిస్తే మంచిది?

ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ పరీక్షల కోసం నా దగ్గరికి వచ్చే హెర్నియా బాధితులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘డాక్టర్‌ గారూ, వలను కుట్లతో బిగించమనాలా, పిన్నులతోనా, జిగురుతోనా?’ అని. ఖరీదైనది పెట్టించుకోకపోతే వల జారిపోతుందేమో, హెర్నియా మళ్లీ వస్తుందేమోనని వారి భయం. ఈ భయంతో అప్పు చేసేవారూ ఉన్నారు, ఆపరేషన్‌నే వాయిదా వేసేవారూ ఉన్నారు.

వలను పట్టి ఉంచేదేంటి?

గజ్జల్లో పొట్ట గోడ బలహీనపడిన చోట కొవ్వు గానీ, పేగు గానీ బయటకు తోసుకురావడమే గజ్జల హెర్నియా. ఒకప్పుడు చుట్టూ ఉన్న కణజాలాన్ని లాగి కుట్టేవారు. ఆ బిగువుకు నొప్పి ఉండేది, హెర్నియా తిరగబెట్టేది. 1980ల్లో అమెరికా సర్జన్ లిక్టెన్‌స్టీన్ బిగువు లేకుండా వల పరిచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కొన్ని వారాల్లో వల కన్నాల్లోంచి మన కణజాలమే పెరిగి దాన్ని పట్టేస్తుంది. అంటే కుట్టయినా, జిగురైనా ప్రధానంగా అప్పటిదాకా కాపలా కాయడానికే.

ఏ పద్ధతి ఎలాంటిది?

కుట్లు: కోతపెట్టి చేసే ఆపరేషన్‌లో ఎక్కువగా వాడేవి ఇవే. ఖర్చు తక్కువ. అయితే కుట్టులో నాడి చిక్కుకుంటే నొప్పి చాలాకాలం వేధించొచ్చు.

జిగురు: నాడికి సూది తగిలే ఇబ్బంది ఉండదు. తొలి రోజుల్లో నొప్పి కాస్త తక్కువ. హెర్నియా తిరగబెట్టడంలో కుట్లకూ దీనికీ పెద్దగా తేడా కనిపించలేదు.

తనంతట తానే అతుక్కునే వల: దీనికి సన్నని కొక్కేలుంటాయి. ఆపరేషన్ త్వరగా ముగుస్తుంది. దీర్ఘకాలిక నొప్పి మాత్రం కుట్లతో దాదాపు సమానమే.

పిన్నులు: ల్యాప్రోస్కోపీలో వాడతారు. నాడులు, రక్తనాళాలు ఉన్న చోట వేయకూడదు.

అసలేమీ బిగించకపోవడం: ల్యాప్రోస్కోపీలో వలను పొట్ట గోడకు లోపలి వైపు పరుస్తారు. పొట్టలోని ఒత్తిడే దాన్ని అదిమి ఉంచుతుంది. అందుకే చాలామందికి బిగించాల్సిన పనే ఉండదు. నేరుగా గోడలోంచే వచ్చిన పెద్ద హెర్నియాలకు మాత్రం బిగించాలి.

ఏం అడగాలి?

తగినంత పెద్ద వల, సరిగా పరిచిన చేయి.. ఈ రెండే అసలైన భరోసా. ‘నా హెర్నియా ఏ రకం? వల బిగించాలా? ఎందుకు?’ అని సర్జన్‌ను అడగండి. మీ వంతుగా పొగ మానండి. షుగర్‌ను అదుపులో పెట్టుకోండి. ఎడతెగని దగ్గు, మలబద్ధకం, మూత్రం ముక్కుతూ పోయాల్సి రావడం వంటివి ఉంటే ముందే చికిత్స తీసుకోండి.

ఆపరేషన్ తర్వాత వల జారుతుందని నెలల తరబడి మంచం పట్టక్కర్లేదు. వీలైనంత త్వరగా నడవండి. బరువులు ఎప్పటి నుంచి ఎత్తొచ్చో మీ సర్జన్ చెబుతారు. మూడు నెలలు దాటినా నొప్పి ఉంటే మామూలేనని ఓర్చుకోవద్దు. దానికి చికిత్స ఉంది.

ఇంకా ఆపరేషన్ చేయించుకోనివారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఉబ్బు లోపలికి వెళ్లకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే పేగు ఇరుక్కున్నట్టు అనుమానించాలి. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.