మీకు తెలుసా? బొమ్మ పడితే చార్మినార్!

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి వెండి రూపాయిని ఎగరేస్తే పడే ‘బొమ్మ’ రాజుగారి ముఖం కాదు, పాతబస్తీ చార్మినార్! బొరుసు మీద పారసీ అక్షరాలు. చార్మినార్ కమాను నడుమ మాత్రం ‘ఉస్మాన్’కు గుర్తుగా ‘ఐన్’ అనే అక్షరం ఒకటి ఉంటుంది.

చార్మినార్ పడే సంభావ్యత 1/2. మరి మినారుకొకటి చొప్పున నాలుగుసార్లు ఎగరేస్తే? రెండు బొమ్మలు, రెండు బొరుసులు పడతాయని చాలామంది ధీమాగా చెబుతారు. లెక్క అలా ఒప్పుకోదు. నాలుగు ఎగరవేతలకు వచ్చే వరసలు మొత్తం 16. వాటిలో సరిసమానంగా పడేవి 6 మాత్రమే. మూడు ఒకవైపు, ఒకటి మరోవైపు పడేవి ఏకంగా 8! నాలుగూ చార్మినార్లే కావాలంటే 16లో ఒక్కటే దారి.

వరసగా మూడుసార్లు చార్మినారే పడిందా? నాలుగోసారి ‘ఇక బొరుసే’ అని పందెం కాయకండి. ముందేం పడిందో నాణేనికి గుర్తుండదు. అప్పుడూ సంభావ్యత 1/2.

నిజాం రూపాయి దొరక్కపోతే జేబులోని రూపాయితో నాలుగుసార్ల చొప్పున ఓ యాభై విడతలు ఎగరేసి, కాగితం మీద రాసి చూడండి.